ఎర్ర పిడికి పసుపు దారం

ప్రొద్దుటూరు రిజిస్ట్రారు ఆఫీసులో రమ్యశ్రీకి ఒక పేరుంది. ఎదురుగా అనరు, వెనకాల అంటారు: చాదస్తం. బీరువాకు తాళం వేస్తుంది, లాగి చూస్తుంది, గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తుంది. గదిలో గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలో ఆటో ఆపించి వెనక్కి మళ్లిన రోజులు కోకొల్లలు. ఆమె టైపు చేసిన దస్తావేజును ఆమె చదివినన్నిసార్లు కొన్నవాడు చదవడు, అమ్మినవాడూ చదవడు. అలాంటి మనిషి విమానంలోంచి దూకుతుందంటే ఎవరు నమ్ముతారు? దూకేవాళ్లంటే తెగించినవాళ్లని, ప్రాణమంటే లెక్కలేనివాళ్లని లోకానికి ఒక గట్టి అభిప్రాయం. లోకానికి ఇలాంటి గట్టి అభిప్రాయాలు చాలానే ఉంటాయి, వాటిలో సగానికి సగం తప్పు.

జమ్మలమడుగు అవతల, శనగ చేలు ఆగిపోయి రాతినేల మొదలయ్యేచోట, ఒక ప్రైవేటు క్లబ్బువాళ్లు చలికాలంలో పారాచూట్‌తో దూకించే శిబిరం నడుపుతారు. మట్టి రన్‌వే, రేకుల షెడ్డు, ఒక చిన్న విమానం, అంతే. మొదటిసారి ఆఫీసువాళ్లు సరదాగా పోతూ రమ్యశ్రీని కూడా బలవంతాన లాక్కెళ్లారు. నేర్పేవాడే మనల్ని తన ఛాతీకి కట్టేసుకొని దూకుతాడు, మనం చేసేదేమీ ఉండదు. మిగతావాళ్లు కేకలు పెట్టారు, వీడియోలు తీయించుకున్నారు, స్టేటస్‌లు పెట్టుకున్నారు, వారం తిరక్కుండానే మరిచిపోయారు. రమ్యశ్రీకి ఆ పడటం అసలు నచ్చలేదు. చెవులు దిబ్బడ వేశాయి, ఎప్పుడు అయిపోతుందా అనుకుంది. అయినా తర్వాతి ఆదివారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఒంటరిగా మళ్లీ అక్కడికే పోయింది.

ఆమెను లాగింది పడటం కాదు. పడటానికి ముందూ, పడిన తర్వాతా. ముందేమో, ఒక్కో పట్టీని, ఒక్కో బకిల్‌ని చేత్తో ముట్టుకొని, పేరు పైకి చెప్పి, అదే వరసలో మళ్లీ మొదటినుంచి చూస్తారు. విమానమెక్కే ముందు మళ్లీ చూస్తారు. తలుపు దగ్గర మళ్లీ చూస్తారు. ఎవరూ నవ్వరు. తర్వాతేమో, పారాచూట్ విచ్చుకోగానే ఆ హోరంతా ఆగిపోతుంది. కింద పెన్న ఇసుకా, పత్తి చేలూ, గండికోట కొండల ఎర్ర అంచూ కదలకుండా పడి ఉంటాయి. ఎడమ తాడు లాగితే ఎడమకు, కుడి తాడు లాగితే కుడికి. చెప్పింది చెప్పినట్టు వినే వస్తువు ఆమె చేతికి అంతవరకూ దొరకలేదు.

అక్కడ నేర్పేవాడు హుమాయున్. జమ్మలమడుగువాడే, సైన్యంలో పారాచూట్ దళంలో పనిచేసి వచ్చాడు. ఒంటరిగా వచ్చిన రమ్యశ్రీ తన బకిల్ ముట్టుకొని, పక్కకు పోయి, మళ్లీ వచ్చి ముట్టుకోవడం చూసి నవ్వకుండా అడిగాడు.

"అక్కా, ధైర్యమున్నోళ్లు నాకు శానా మంది దొరుకుతారు. లాగి చూసినదాన్నే మళ్లా లాగి చూసేటోళ్లు దొరకరు. నేర్చుకుంటావా?"

ముప్పై మూడేళ్ల జీవితంలో ఆమె చాదస్తాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. షెడ్డు వెనక్కి పోయి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చి నేర్చుకుంటానంది. తల్లో పూలు పెట్టుకొని బస్సు దిగే క్లార్కమ్మ, గాజులు తీసి రుమాల్లో మూటకట్టి, హెల్మెట్ పెట్టుకోవడం అలా మొదలైంది. రెండు చలికాలాలు గడిచాయి. చాపమీద మోకాళ్లపై కూర్చొని పారాచూట్ బట్టను మడత మీద మడత వేయడం నేర్చింది. సున్నంతో గీసిన గుర్తు మీద దిగాలని పంతం పట్టి, జానెడు దూరంలో తప్పిపోయి, ఆ జానెడు కోసం వారమంతా ఎదురుచూడటం నేర్చింది. భయం మాత్రం పోలేదు. అయితే ఆ భయానికి ఇప్పుడు చేయడానికో పని ఉంది, ఆఫీసులో లేనిది అదే.

ఈ సంగతి ఇంట్లో తెలియకుండా ఎన్నాళ్లు దాగుతుంది? ఎవరో పంపిన వీడియో తిరిగి తిరిగి పులివెందులలో ఉన్న తల్లి లక్ష్మీకాంతమ్మ ఫోన్లోకి వచ్చి పడింది. ఆమె అన్నం మానేసి కూర్చుంది. తండ్రి జగన్నాథం అక్కడి శివాలయంలో అర్చకుడు. మంత్రంలో ఒక్క అక్షరం తడబడితే మొదటినుంచి అందుకునే మనిషి. కూతురికి చాదస్తం ఎక్కడినుంచి వచ్చిందని వేరే వెతకాల్సిన పని లేదు. ఆయన తిట్టలేదు, కూతురికి ఫోన్ చేసి నిదానంగా చెప్పాడు.

"ఒక్కసారి నా కండ్లతో చూస్తానమ్మా. చూసినాక నేను వద్దంటే మాత్రం మళ్లా నువ్వు ఆ పక్క పోగూడదు. సరేనా?"

తండ్రి మాట ఆమె ఎన్నడూ దాటలేదు, ఇదీ దాటదు. సరేనంది. ఆ వారమంతా ఆమెకు తిండి సయించలేదు. ఆదివారం ఆయన ఏమంటాడో దాన్నిబట్టి ఆమె ఆదివారాలన్నీ ఉంటాయో పోతాయో తేలిపోతుంది.

ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి, ముద్దనూరు మీదుగా జగన్నాథం శిబిరానికి వచ్చాడు. పంచె, ఉత్తరీయం, చంకలో గుడ్డసంచి. ముందురోజే గండి క్షేత్రానికి పోయి ఆంజనేయస్వామికి పూజ చేయించి, పసుపు దారాలు తెచ్చాడు. షెడ్డులో కొయ్యలకు వరసగా పారాచూట్ సంచులు వేలాడుతున్నాయి. రమ్యశ్రీ తన సంచిని చూపించింది.

"ఇదేంది?"

"వెనకపక్క ఈ పిడి పెద్ద గొడుగు తెరిచేది నాన్నా."

"అది తెరుచుకోకపోతే?"

"ఈ కుడిపక్క పిడి లాగి దాన్ని వదిలేయల్ల. ఎడమపక్క ఎర్ర పిడి ఉండాదే, అది లాగితే రెండో గొడుగు వస్తాది."

"అంటే అన్నీ పోయినాక ప్రాణం కాపాడేది ఈ ఎర్రదేనా?"

"ఇదే నాన్నా."

ఆయన ఎర్ర పిడి వంక చాలాసేపు చూశాడు. తర్వాత సంచిలోంచి ఒక దారం తీసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చేతికి ఏమీ ఉండగూడదు నాన్నా. గాజులు, దారాలు, ఉంగరాలు అన్నీ తీసేయల్ల. యాడన్నా తగులుకుంటాయి."

ఆయన మారు మాట్లాడకుండా దారాన్ని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు, హమ్మయ్య అనుకుంది. ఇంతలో హుమాయున్ అందర్నీ గాలి సంగతి చెప్పడానికి బయటికి పిలిచాడు. షెడ్డులో జగన్నాథం ఒక్కడే మిగిలాడు.

మన వైపు కొత్త మోటారు సైకిలైనా, ట్రాక్టరైనా, చివరికి బోరు మోటారైనా బొట్టు పెట్టి దారం కట్టకుండా తిప్పడం ఎవరికైనా తెలుసా? ఎన్ని బండ్ల హ్యాండిళ్లకు ఆయన స్వయంగా కట్టాడో ఆయనకే గుర్తులేదు. కూతురి చేతికి వద్దంటే కూతురిని కాపాడేదానికి కడదాం, తప్పేముంది? ఆయన కూతురి సంచి దగ్గర నిలబడి, మంత్రం చదువుతూ, ఎర్ర పిడినీ దాని వెనకున్న పట్టీనీ కలిపి చుట్టూ దారం తిప్పాడు. గాలికి జారి పడిపోకూడదని మూడు ముళ్లు వేశాడు. ఆయనకేం తెలుసు, ఆ పిడి ఊడి చేతికి రావడమే దాని పని అని. సంచి పట్టీలు కూడా పసుపు రంగువే కావడంతో దారం వాటిలో కలిసిపోయింది.

వాళ్లు వచ్చారు, సంచులు తగిలించుకున్నారు. రమ్యశ్రీ వరసగా ముట్టుకుంటూ పేర్లు చెప్పింది. ఛాతీ పట్టీ ఉంది. కాళ్ల పట్టీలు ఉన్నాయి. కుడి పిడి ఉంది. ఎర్ర పిడి ఉంది. చేతులకు తొడుగులున్నాయి, దారం తగల్లేదు. విమానం ఎక్కేముందు మళ్లీ చూసింది, ఉంది. తలుపు దగ్గర హుమాయున్ వెనకవైపు సంచి చూసి భుజం తట్టాడు, ఆమె ముందువైపు తడుముకుంది. అన్నీ ఉన్నాయి. కింద, శిబిరం చుట్టూ కట్టిన తాడు అవతల తండ్రి నిలబడి చూస్తుంటాడు. ఆమె వంతు వచ్చింది, దూకింది.

పడుతున్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంది. సమయానికి వెనక పిడి లాగింది. బట్ట విచ్చుకున్న చప్పుడైంది, కాని రావాల్సిన నిశ్శబ్దం రాలేదు. తలెత్తి చూసింది. తాళ్లు మెలికలు పడి జడలా అల్లుకుపోయాయి. బట్ట ఒక పక్కకు ఒరిగి ఆమెను గిర్రున తిప్పడం మొదలుపెట్టింది.

కాళ్లు విదిలించి మెలికలు విప్పబోయింది. ఒకటి విడింది, తిప్పుడు ఇంకా పెరిగింది. చేతికున్న ఎత్తు చూపే గడియారంలో ముల్లు దిగిపోతోంది. ఒక ఎత్తు దాటాక ఆలోచన పెట్టుకోకూడదు, పెద్ద పారాచూట్‌ని వదిలేయాలి, రెండోది తెరవాలి. ఇది వందలసార్లు నేలమీద నిలబడి చేసిన పనే. కుడిచెయ్యి కుడి పిడి మీద పడింది. ఎడమచేతి బొటనవేలు ఎర్ర పిడిలోకి దూర్చబోయింది. దూరలేదు.

వంగి చూసింది. పిడి చుట్టూ పసుపు దారం, పట్టీతో కలిపి బిగించి ఉంది. మూడు ముళ్లు. అవి ఎవరి ముళ్లో ఆమెకు చూడగానే తెలిసింది.

కుడి పిడి లాగితే పైనున్నది పోతుంది. ఎర్ర పిడి కదలకపోతే ఇక ఏదీ లేదు. చివరి క్షణంలో తనంతట తానే రెండో పారాచూట్‌ని తెరిచే చిన్న యంత్రం ఒకటి సంచిలో ఉంటుంది, కాని హుమాయున్ మొదటి రోజే చెప్పాడు, అది లేదనుకొనే దూకల్ల, దాన్ని నమ్ముకొని దూకేటోళ్లను నేను దూకనియ్యను అని. రమ్యశ్రీ కుడిచేతిని పిడి మీదనుంచి తీసేసింది. అది పాఠానికి విరుద్ధం. పాఠం చెప్పినవాళ్లెవరూ ఈ దారం గురించి అనుకోలేదు మరి.

ఛాతీ పట్టీకి చిన్న జేబుంది, అందులో కొక్కెం కత్తి ఉంటుంది. తాళ్లు ఒంటికి చుట్టుకుంటే కోసుకోవడానికి. నేల, ఆకాశం, నేల, ఆకాశం తిరుగుతూనే ఉన్నాయి. కత్తి బయటికి తీసింది. మొదటిసారి కొక్కెం పట్టీ అంచుకు పట్టుకుంది. పట్టీ తెగితే ఇంక చెప్పేదేముంది! వెనక్కి తీసింది. "నిదానం" అని పైకే అంది, ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు. రెండోసారి కొక్కేన్ని దారం కిందికి దూర్చి, బకిల్ ముట్టుకున్నంత నెమ్మదిగా కుదురు చూసుకొని, లాగింది. పసుపులో నాని ఎండిన దారం గట్టిగా ఉంది. మళ్లీ లాగింది. తెగింది.

బొటనవేలు పిడిలోకి దూరింది. అప్పుడు కుడి పిడి లాగింది. పెద్ద పారాచూట్ ఎగిరిపోయింది, ఆమె రాయిలా పడింది. ఎర్ర పిడి లాగింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ క్షణంలో ఆమెకు అమ్మా గుర్తురాలేదు, దేవుడూ గుర్తురాలేదు, సరిగ్గా లాగానా లేదా అని మాత్రం అనిపించింది. తర్వాత భుజాలు ఊడిపోతాయన్నంత కుదుపు వచ్చింది, ఆపైన నిశ్శబ్దం.

తలెత్తి చూసింది. తెల్లటి బట్ట నిండుగా ఉంది, తాళ్లు నేరుగా ఉన్నాయి. మళ్లీ చూసింది. మూడోసారి కూడా చూసింది. తండ్రి మీద పట్టరాని కోపం వచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సున్నం గుర్తు చాలా దూరంలో ఉంది. గాలి ఎటు తీసుకుపోతే అటు పోయి ఒక శనగ చేలో దిగింది. శనగాకు పులుపు దిగేటప్పుడు గీరుకుపోయిన మోచేతులకు తగిలి భగ్గున మండింది. ఆ మంట కూడా ఆమెకు బాగుంది.

జగన్నాథం చేనుకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. ఉత్తరీయం ఎక్కడో జారిపోయింది. వచ్చి కూతురి తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూస్తినమ్మా! మొదటిది ఎగిరిపోయి రెండోది తెరుచుకునింది. స్వామే కాపాడినాడు. నేను దానికి దారం కట్టినా, నీకు చెప్పలేదులే."

ఆమె చేతి తొడుగులు ఊడదీస్తూ ఆగిపోయింది.

"నీకొక్కదానికే కడితే స్వార్థమైతాది. పాపం అందరూ పిల్లోళ్లే గదా, ఆడుండే సంచులన్నిటికీ కట్టినా."

ఆమె తలెత్తి చూసింది. విమానం రెండో జట్టును ఎక్కించుకొని అప్పటికే కొండల పైన తిరుగుతూ పైకి పోతోంది. మొదటి జట్టును దూకించి, తాను దూకకుండా విమానంలోనే తిరిగొచ్చిన హుమాయున్ ఇప్పుడు వాళ్లతోనే ఉన్నాడు.

పారాచూట్‌ని చేలోనే వదిలేసి పరుగెత్తింది. వెనక తండ్రి ఏందమ్మా ఏందమ్మా అని పిలుస్తున్నాడు. నల్లరేగడి బూట్లకు అంటుకొని కాళ్లు లేవడం లేదు. షెడ్డు ముందు మసరత్ అనే అమ్మాయి వైర్‌లెస్ పెట్టుకొని కూర్చుని ఉంటుంది, పైవాళ్లతో మాట్లాడే పని ఆమెది.

"ఎవురూ దూకొద్దని చెప్పు! ఎర్ర పిడులకు దారం కట్టినారు, లాగితే రావు!"

మసరత్ ఎందుకని అడగలేదు. "హుమాయున్ అన్నా, ఎవురినీ దూకనియ్యాకు. ఎర్ర పిడి చూడండి. ఎర్ర పిడికి దారం ఉండాది." జవాబు లేదు, గరగరమని చప్పుడు. మళ్లీ చెప్పింది. పైన విమానం ఇంజను శబ్దం తగ్గింది. తలుపు తెరిచి దూకేముందు పైలట్ అలాగే తగ్గిస్తాడు.

షెడ్డు దగ్గరున్నవాళ్లంతా మెడలు ఎత్తి చూస్తున్నారు. జగన్నాథం రొప్పుతూ వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. ఆయనకు ఇంకా అర్థం కాలేదు, ఆమె మొహం చూసి అర్థమవుతోంది. విమానంలోంచి ఏదీ రాలలేదు. ఇంకా రాలలేదు. ఇంజను మళ్లీ అందుకుంది, రెక్క ఒకపక్కకు వంగింది, విమానం కిందికి దిగడం మొదలుపెట్టింది. వైర్‌లెస్‌లో హుమాయున్ గొంతు వినిపించింది: "చూసినాం. అందరం దిగుతాండాం."

దిగాక హుమాయున్ ఒక దారం ముక్క చేతిలో పట్టుకొని నేరుగా వచ్చాడు. "ఎవురు కట్టింది ఇది?"

"నేనే నాయనా," అన్నాడు జగన్నాథం.

"పిల్లోడు తలుపులో నిలబడినాడు అయ్యోరూ. ఒక కాలు బయట పెట్టినాడు." హుమాయున్ దారం ముక్కను ఆయన ముందుకు చాపాడు. "తప్పు నాది గూడా. ఉండల్సింది ఉందా అని చూసినా గానీ, ఉండగూడనిది ఏమన్నా ఉందా అని చూడలే. కానీ మీరు మాత్రం మళ్లా ఈడ కాలు పెట్టొద్దండి."

ఇన్నేళ్లుగా ఎందరిచేతో కాళ్లకు మొక్కించుకున్న అర్చకుడు తల వంచుకొని నిలబడ్డాడు. తండ్రిని అలా చూడటం కన్నా ఇందాకటి తిప్పుడే నయమనిపించింది రమ్యశ్రీకి.

ముద్దనూరు దాకా ఆమె కూడా ఆయనతో బస్సులో వచ్చింది. స్టాండులో పులివెందుల బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆయనే అడిగాడు.

"నువ్వు లాగినప్పుడు రాలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. మనసు అటే లాగింది. కాని తనిఖీలో లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి దాటేయడం ఆమెకు చేతకాదు.

"రాలేదు నాన్నా. కత్తితో కోసినా. నీ దారమే నన్ను చంపబోయింది."

ఆయన రెండు అరచేతులూ మోకాళ్లమీద పెట్టుకొని వాటినే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "భయమేసిందా?" అన్నాడు.

"శానా. కానీ చెయ్యి చేసేపని చెయ్యి చేసింది. నేను పోయేది దానికోసం నాన్నా, పడేదానికి గాదు. నాకు పడేది ఇప్పటికీ ఇష్టం లేదు. ఆఫీసులో నన్ను చూసి నవ్వుతారు, ఆడ నవ్వరు." ఇంకా చాలా చెప్పాలనుకుంది, బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది. "ఇప్పుడు నువ్వు వద్దంటే మానేస్తా. మాటిచ్చినా."

పులివెందుల బస్సు వచ్చింది. ఆయన వద్దనలేదు, సరేననలేదు. కిటికీ దగ్గర కూర్చొని, కూతురి వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

వారమంతా ఇంటినుంచి ఫోన్ లేదు. లక్ష్మీకాంతమ్మకు చేస్తే, ఆయన గుడికి పోయి వస్తున్నాడని, ఎవరి బండికీ దారం కట్టడం లేదని, అడిగితే చెప్పడం లేదని అంది. శనివారం దాకా ఎదురుచూసిన రమ్యశ్రీ, వద్దని ఆయన నోటితో అనలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకొని, ఆదివారం పొద్దున బస్సెక్కింది. ఏదో దొంగతనానికి పోతున్నట్టుంది ఆమెకు.

శిబిరం చుట్టూ కట్టిన తాడు అవతల, ఎండలో, జగన్నాథం నిలబడి ఉన్నాడు. ఆమెకన్నా ముందే వచ్చాడు. చేతిలో సంచి లేదు. లోపలికి కాలు పెట్టలేదు. అందరి ముందూ వద్దని చెప్పడానికే ఇంతదూరం వచ్చాడనుకుంది రమ్యశ్రీ. హుమాయున్ మొహం గంటు పెట్టుకొని షెడ్డులోంచి ఆయన వైపు నడిచాడు.

జగన్నాథం చేతులు జోడించాడు.

"నాయనా, ఈడ ఏమేమి ముట్టుకోగూడదో నాకు ఒక్కసారి చెప్పు. నేర్చుకుంటా."

పుట్టినప్పటినుంచి మడి కట్టుకొని, గర్భగుడి గడపలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ ముట్టుకోవద్దని చెబుతూ బతికిన మనిషి ఆయన. హుమాయున్ వంగి తాడును పైకెత్తి పట్టుకున్నాడు. జగన్నాథం తల వంచి దాని కిందుగా లోపలికి వచ్చాడు.